దినాం పులి, పందెం పిల్లి

ఆ కాలంలో మా భువనగిరిలో పదిమంది ఒకచోట గుమిగూడారంటే మంచి కబురు కాదని అర్థం. రజాకార్ల గొడవ ముగిసి, పోలీసు చర్య అయి, యూనియన్ మిలిటరీ కోటగుట్ట కింద డేరాలు వేసుకున్నాక కూడా చాలా రోజులదాకా మేము నవ్వాలంటే తలుపులు దగ్గరికి వేసుకుని నవ్వేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్లలో సంగపోళ్ల కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, సోదాలు సాగుతూనే ఉన్నాయి. అలాంటి రోజుల్లో మిలిటరీవాళ్లు డేరాల పక్క జాగాలో రెండు స్తంభాలు పాతి, పైన ఇనుప కడియాలు బిగించి, వాటిలోంచి బంతి పడేసే ఆట మొదలుపెట్టారు. బాస్కెట్‌బాల్ అని వాళ్లన్నారు. మావాళ్లు గంపాట అన్నారు. (గంప ఎక్కడా లేదు. అయినా పేరు నిలిచింది.) వాళ్ల జమేదారు, గడ్డం సర్దార్జీ ఒకాయన, మగ్గాలు దిగి చూడవచ్చిన మా వీధి పడుచువాళ్లను కూడా ఆటలోకి లాగాడు.

నేను కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఆ మగ్గాల వీధిలోనే. మా ఆయన ఒక్క సాయంత్రం కూడా ఆట మానేవాడు కాదు. ఆడుతున్నంతసేపూ ఆయన నోరు ఆగేది కాదు. నూలు రంగు మొదలుకొని ఎవరి మేక తప్పిపోయిందన్నదాకా కబుర్లు చెబుతూనే, కడియం వంక సరిగా చూడకుండానే బంతి విసిరేవాడు. అది పడేది. మా అన్న తీరు వేరు. ఎప్పుడో వారానికోసారి వచ్చి, బండమీద కూర్చుని ఆవలించేవాడు. కానీ ఆలేరువాళ్లతోనో రామన్నపేటవాళ్లతోనో పందెం పడిననాడు మాత్రం అతన్ని పట్టగలిగేవాడు లేడు. సరిగ్గా ఆ రోజే మా ఆయన నోరు మూతపడేది, చేతులు కొయ్యబారేవి, బంతి ఎటో పోయేది. ఊరు ఆయనకు ‘దినాం పులి, పందెం పిల్లి’ అని పేరు పెట్టింది. (నన్ను పిల్లి పెండ్లామన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరో నాకిప్పటికీ గుర్తే.)

ఇంతలో దండు తరలిపోతుందన్నారు. భువనగిరీ నల్లగొండా ఆడితే, గెలిచిన ఊరికి బంతీ కడియాలూ వదిలి వెళ్తానని సర్దార్జీ చెప్పాడు. కడియాలు పోతే మా సాయంత్రాలు పోయినట్టే. అందుకని జట్టులో మా ఆయన్ని ఉంచాలా వద్దా అన్నది ఊరి సమస్య అయింది. మా ఇళ్లలో అయితే యుద్ధమే.

“పందెంల ఆడనోడు ఆటగాడెట్లయితడు?” అంది మా అమ్మ.

“దినాం వండే బువ్వ వంట కాదా? పండుగనాటి బచ్చాలే వంటనా?” అంది మా అత్త. ఆపైన నావైపు తిరిగి, “నువ్వు జెప్పు బిడ్డా” అంది.

నేను అమ్మ ఎదుట అమ్మకూ, అత్త ఎదుట అత్తకూ తల ఊపాను. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నప్పుడు నాకు దగ్గు వచ్చేది.

చివరికి సర్దార్జీయే తేల్చాడు. రోజూ వచ్చేవాణ్ణి వదిలేది లేదని తన భాషలో కరాఖండిగా చెప్పాడు. మా అన్న మాత్రం మా ఆయన్ని పక్కకు పిలిచి, “బావా, నువ్వు నాకు బంతి అందియ్యి, సాలు. నువ్వు ఎయ్యకు” అన్నాడు.

పందెం నాడు ఊరంతా గుట్ట కింద చేరింది. ఆడవాళ్లం ఒక బండమీద కూర్చున్నాం. మా అన్న ఆడాడు చూడండి, నల్లగొండవాళ్లు చివరికి అతనొక్కడికే ఇద్దర్ని కాపలా పెట్టారు. రెండు జట్లూ సమానంగా ఉండగా, ఇక ఈల ఊదుతారనగా, దిక్కులేక బంతి మా ఆయన చేతికి వచ్చింది. వెంటనే ఒక నల్లగొండ పిల్లగాడు ఆయన్ని తోసేశాడు. అలా తోస్తే, పడినవాడు అడ్డెవరూ లేకుండా నిలబడి బంతి వేసుకోవచ్చునట. కానీ పడినవాడే వేయాలట, ఇంకొకరికి ఇవ్వడానికి లేదట. “అయిపాయె” అని మా అమ్మ కళ్లు మూసుకుంది.

మా ఆయన కడియం వంక చూస్తూ నిలబడ్డాడు. బిగిసిన ఆ పెదవులు చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. ఈయన మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే బంతి పడదు. ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

“ఇగో, ఇంట్ల ఉప్పు ఒడిసింది. వచ్చేటప్పుడు తెస్తవా?” అని గట్టిగా అడిగాను.

జనం గొల్లుమన్నారు. మా అత్త నా తొడ గిల్లింది. ఆయన మాత్రం నవ్వలేదు, ఇటు తిరగనూ లేదు. అది దినమూ వినే మాటే కదా. చేతిలో బంతి తిప్పుకుంటూ, “దొడ్డుప్పా, సన్నుప్పా?” అన్నాడు.

“దొడ్డుప్పే. మొన్నటి లెక్క తడిసింది తేకు.”

“నేనేం జేత్త, ఆ దుకాణపాయన సంచే గట్లున్నది” అంటూనే విసిరాడు. బంతి కడియం అంచైనా తగలకుండా లోంచి జారి కింద పడింది.

తర్వాత లేచిన కేకలు గుట్టమీది కోటదాకా వెళ్లి తిరిగివచ్చాయి. ఊరంతా కలిసి గట్టిగా అరిచి ఎన్నాళ్లయిందో. దేనికీ కదలని మా అన్న ఆయన్ని భుజాలమీదికి ఎత్తుకుని ఊరేగించాడు. ఆ ఊరేగింపును దుకాణం ముందు ఆపించి, భుజాలమీదినుంచే ఉప్పు కట్టించుకుని, పైపంచెలో మూటగట్టుకుని మరీ వచ్చాడాయన. వీధి మొదట్లోనే మా అత్త, “నా కొడుకు దినాం ఆడవట్టే గెలిచిండు” అంది. “ఆఖరికి గెలిపిచ్చింది నా బిడ్డ” అంది మా అమ్మ. నేను దగ్గలేదు. ఇద్దరి మధ్య నుంచి తల ఎత్తుకుని నడిచాను.

ఇప్పుడు రేడియో ముందు కూర్చుని మా మనవలు క్రికెట్ గురించి ఇదే తగవు పడుతుంటారు. ఏడాదంతా ఆడేవాడు గొప్పా, ఆఖరునాడు ఆడేవాడు గొప్పా అని. నన్నెవరూ అడగరు, నేనూ చెప్పను. ఆయన లేకుండా చెప్పాలని అనిపించదు. కానీ అప్పుడప్పుడు ఆ బండమీద లేచి నిలబడిన పిల్ల కళ్లముందుకు వస్తుంది. పక్కన అత్త ఉందన్న జ్ఞానం లేదు, నెత్తిమీద కొంగు లేదు. ఎక్కడిదమ్మా నీకంత ధైర్యం అని అడగాలనిపిస్తుంది. పిచ్చిపిల్ల, అడిగినా వినిపించుకోదు. దాని కళ్లన్నీ ఆటమీదే.