పండబెట్టి తెచ్చిన సిలిండర్

కోరుట్లలో నాది వెల్డింగ్ షాపు. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా, కళ్లు మూసుకుని చప్పుడు విని గ్యాస్ టార్చి మంటను సరిచేసేవాణ్ణి నేనొక్కడినే. సరే, కొంచెం కోతలు కోశాను. ఆక్సిజన్ ఎక్కువైతే మంట బుస్సుమంటుంది, అది ఎవరికైనా వినిపిస్తుంది. మిగతాదంతా నల్ల కళ్లద్దాల్లోంచి చూడాల్సిందే. తెల్లటి మొన చుట్టూ ఈకలా ఊగే మంట ఆ మొనలో కలిసిపోయేదాకా ఆక్సిజన్ తిప్పి, అక్కడ ఆగాలి.

మంట చెప్పినట్టు వింటుంది. మనుషులే వినరు.

ఈ ఎండాకాలం సిరిసిల్ల నుంచి ఒక మరమగ్గాలాయన మగ్గంలో విరిగిన సన్నటి ఇనుప గొట్టం పట్టుకుని వచ్చాడు. అక్కడ కరెంటు వెల్డింగుతో అతికించబోతే బొక్క పడిందట. అప్పుడే జగిత్యాల నుంచి నా ఎసిటిలీన్ సిలిండర్ ఆటోలో దిగింది. హాయిగా పడుకుని వచ్చింది!

"పండబెట్టి తెస్తవారా?"

"నిలవెడితే పడుతదని పండవెట్టిన కాకా. తాడు గూడ కట్టిన," అన్నాడు ఆటో అతను, మెచ్చుకుంటాననుకుని.

ఆ గ్యాసు లోపల ఒక ద్రవంలో కరిగి ఉంటుంది. పడుకోబెట్టి తెచ్చి వెంటనే వాల్వు తిప్పితే ద్రవం కూడా పైపులోకి వస్తుంది. నిలబెట్టి గంటలకొద్దీ ఆగాలి.

"పొద్దుమీకే దాకనా?" మగ్గాలాయన నెత్తి పట్టుకున్నాడు. "రేపు పొద్దుగాల మగ్గం తిరుగకపోతే ఆర్డర్ వేరేటోనికి పోతది కాకా! ఇంట్ల వంటగ్యాసు బండ లేదా? అది పెట్టు. అందరు గదే పెడుతున్నరు."

"గదానితోని కోస్తరు. అతకరు."

కోయడానికైనా దాని నాజిల్ వేరు, రెగ్యులేటర్ వేరు. ఇనుమును గట్టిగా అతికించే మంట దానికి రాదు. ఎంత చెప్పినా "జర చూడు కాకా" అంటూ నా వెనకే తిరిగాడు. నేను మాత్రం రాయిలా కదలలేదు.

సాయంత్రం టార్చి వెలిగించి, మంట సరిచేసి గొట్టం అతికించాను. మర్నాడు పొద్దున్నే ఫోన్: మగ్గం తిరుగుతోంది.

ఇదంతా రాసి మా ఇంటావిడకు చదివి వినిపించాను.

"రాయిలెక్క ఉన్నవా? పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటెనే బండ పీకవోతివి. గరిటెతోని చెయ్యి మీద ఒక్కటేసినంక యాదికొచ్చినయి నీకు గీ రూల్సన్ని."