లండను పళ్ళకు పింగాణీ సుంకం

హిందూపురానికి కొత్తగా వచ్చినవాళ్ళు పళ్ళ సాబ్జాన్ అంగడి ఎక్కడని అడిగి తెలుసుకుని, సంచీ పట్టుకుని వెళ్ళి, అరటిపళ్ళు డజను ఎంత అని అడిగేవారు. సాబ్జాన్ నవ్వకుండా గాజు బీరువాలోంచి ఒక పైవరస కట్టుడుపళ్ళ సెట్టు తీసి బల్ల మీద పెట్టేవాడు.

"డజనుకు రెండు కొసరు ఇస్తానప్పా. మొత్తం పద్నాలుగు" అనేవాడు.

ఆయన తండ్రి హజరత్‌వలి బిందెలకు కళాయి పూసి బతికాడు. సాబ్జాన్‌కు ఆ పొగ పడలేదు. బెంగళూరు దండుకు, అంటే కంటోన్మెంటుకు పోయి, అక్కడ చైనా నుంచి వచ్చిన ఒక పళ్ళ డాక్టరు దగ్గర పదకొండేళ్ళు పనిచేశాడు. మైనంతో నోటి అచ్చు తీయడం, చిగుళ్ళ రంగు దిమ్మె పోయడం, దాంట్లో పింగాణీ పళ్ళు కుదర్చడం నేర్చుకుని వచ్చి స్టేషను రోడ్డులో అంగడి తెరిచాడు. పళ్ళు పీకమని ఎవరైనా వస్తే పంపించేసేవాడు. "పోగొట్టేది నా పని కాదు, పెట్టేదే నా పని" అనేవాడు. పన్నుకు పన్ను తేడా తెలియకుండా కుదిర్చేవాడని పెనుకొండ, ధర్మవరం దాకా పేరుండేది.

పళ్ళు మాత్రం లండను నుంచి రావాలి. బెంగళూరులో ఒక వ్యాపారి తెప్పించి అమ్మేవాడు. యాభై ఏడులో దేశానికి పరాయి దేశపు డబ్బు కరువై, పై సరుకు మీద ప్రభుత్వం బిగింపు పెట్టింది. ఆ వ్యాపారి ముందు ధర మూడింతలు చేశాడు. తర్వాత సరుకే లేదన్నాడు.

అప్పటికి సాబ్జాన్ బల్ల మీద మూడు నోళ్ళ అచ్చులు ఎదురుచూస్తున్నాయి. ఒకటి పరిగి వెంకటసుబ్బమ్మది. ముప్పై ఎకరాల చెరకు, సొంత గానుగ ఉన్న మనిషి. అరవై ఏళ్ళ వయసులోనూ సేద్యగాళ్ళు ఆమె గొంతు వింటే గట్టు దిగేవారు. నోట్లో ఒక్క పన్ను లేదు. రెండోది పెనుకొండ రామాంజనేయులుది. నాటకాల్లో రారాజు వేషానికి పెట్టింది పేరు. ముందుపళ్ళు నాలుగూ ఊడిపోయాక ఆయన "సభ" అంటే జనానికి "ఫభ" అని వినపడేది. మూడోది ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఆదినారాయణది. పళ్ళు లేవని తెలిస్తే బేరగాళ్ళు ముసలివాడనుకుంటారని, నోటికి కండువా అడ్డం పెట్టుకుని బేరమాడేవాడు.

వెంకటసుబ్బమ్మ సంత రోజు వచ్చి అంగడి మెట్టు మీద కూర్చునేది.

"ఏమబ్బా సాబ్జానూ, మూడేండ్లాయె నేను శెనక్కాయ గింజ కొరికి. రోట్లో దంచుకొని తింటాండా. నాకు పండ్లు వచ్చేలోపల నా మనవడికి రాలిపోయేటట్లుండాయి."

"వస్తాయి పెద్దమ్మా. నేనే లండనుకు జాబు రాయిస్తాండా."

జాబు రాసింది మిషను బడిలో ఇంగ్లీషు చెప్పే దేవదాసు మాస్టరు. నెలన్నరకు లండను కంపెనీ నుంచి జవాబు, ధరల పట్టీ వచ్చాయి. చూస్తే బెంగళూరు వ్యాపారి ధరలో సగం కూడా లేదు. సాబ్జాన్‌కు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ ఆ మనిషి తన నెత్తిన ఎంత రుద్దాడో ఇప్పుడు తెలిసింది. ధర పక్కన మాత్రం చిన్నచిన్నగా మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఎఫ్, ఓ, బి.

"ఇదేంది సార్?"

దేవదాసు మాస్టరు తెలియదని చెప్పే మనిషి కాదు. నిఘంటువు తెచ్చి వెతికాడు. "ఫాబ్. అంటే గడియారం పెట్టుకునే చిన్న జేబు."

"పండ్లకు జేబెందుకు సార్?"

"భద్రంగా జేబులో పెట్టి పంపిస్తారేమో. ఇంకో అర్థం కూడా ఉంది. మాయమాటలు చెప్పి మోసగించుట." మాస్టరు కాసేపు ఆలోచించాడు. "అయినా మోసం చేసేవాడు ముందే రాసి పంపుతాడా? మొదటి అర్థమే అయ్యుంటుంది."

సాబ్జాన్‌కూ అదే సబబుగా తోచింది. ధర పట్టీలో ఉన్న లెక్కనే ముగ్గురికీ చెప్పి, డబ్బు తీసుకుని లండనుకు ఆర్డరు పంపాడు. బెంగళూరు వ్యాపారిని గెలిచానన్న సంబరంలో మీసం కూడా ఒకసారి దువ్వాడు. పర్మిట్టు కాగితాలకు నాలుగు నెలలు, ఓడకు రెండు నెలలు పట్టింది. చివరికి మద్రాసు నుంచి ఒక నోటీసు వచ్చింది. పెట్టె చేరిందనీ, ఓడ బాడిగ, బీమా, సుంకం కట్టి తీసుకుపొమ్మనీ దాని సారాంశం. అన్నీ కలిపితే పళ్ళ ధరను మించిపోయింది.

ఆ నోటీసు చదివిన దేవదాసు మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నిఘంటువులో రెండో అర్థమే సరైనదేమోనన్నాడు.

సాబ్జాన్ కాగితం పట్టుకుని బెల్లం మండీకి నడిచాడు. అక్కడి గుమాస్తా ఈశ్వరప్ప బొంబాయి దాకా బెల్లం పంపేవాడు. ఆ మూడు అక్షరాలూ చూడగానే ఆయన అర్థం చెప్పేశాడు.

"రైతు గానుగ కాడ్నే బెల్లం అమ్మితే, మండీకి తెచ్చే బండి బాడిగ యెవురిదప్పా?"

"కొన్నోడిది."

"దావలో వాన కొట్టి బెల్లం కారిపోతే?"

"అదీ కొన్నోడి మీదనే."

"ఊరి గేటు కాడ సుంకం?"

"కొన్నోడే కట్టల్ల."

"అంతే. లండనోడు నీకు గానుగ కాడి ధర చెప్పినాడు. ఓడ ఎక్కించేదాకే వాడి పూచీ. ఆ తర్వాత అంతా నీది. బెంగళూరోడు చెప్పింది మండీ కాడి ధర. నువ్వు రెండూ ఒకటే అనుకొంటివి." ఈశ్వరప్ప నోటీసు తిప్పి చూసి ఇంకో మాట చేర్చాడు. "ఇంకోటి చూడు. సుంకం సరుకు మీదనే కాదు, ఓడ బాడిగ కూడా కలిపి దాని మీద ఏసినారు."

"బాడిగ మీద సుంకమా? బాడిగను యెవురైనా నోట్లో పెట్టుకుంటారా?"

"అది వాళ్ళనడుగు. అయినా సుంకం ఇంత యెందుకుందో చూస్తివా? పింగాణీ సామాను అని రాసినారు. కప్పులు, సాసర్లు, షోకు బొమ్మలు, అన్నిటికీ ఒకటే రేటు. రూపాయికి పదణాలు. వైద్యం సామానయితే మూడణాలే."

సాబ్జాన్ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ముగ్గురి దగ్గరికీ పోయి ఇంకా ఇవ్వండని అడగడానికి మనసు ఒప్పలేదు. తానే పెట్టుకుందామంటే అంగడి మూతపడేటట్లుంది. ఆయన భార్య లాల్‌బీ సంగతంతా విని, రొట్టె తిప్పుతూ అంది.

"పోయి అవి కప్పులు కాదని చెప్పు."

"నా మాట నమ్మల్ల గదా."

"యెట్లా నమ్ముతారు? నీ నోట్లో పండ్లు ముత్యాల మాదిరి ఉండాయి. పండ్లు లేనోళ్ళను తీసకపో."

ఆ విధంగా ప్రయాణం కుదిరింది. సాబ్జాన్, వెంకటసుబ్బమ్మ హిందూపురంలో రైలెక్కారు. ఆమె చేతిలో బియ్యం మూట అంత మూట ఉంది. పెనుకొండలో రామాంజనేయులు ఎక్కాడు. ధర్మవరంలో ఆదినారాయణ కండువా నోటికి పెట్టుకునే ఎక్కి, కదిరి దాటేదాకా తీయలేదు. వెంకటసుబ్బమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"కండవ తియ్యప్పా. మన నలుగుర్లో సాబ్జాను తప్ప పండ్లు సరిగ్గా ఉన్నోళ్ళు యెవురుండారు?"

ఆయన సిగ్గుపడుతూ తీశాడు. అప్పటినుంచి పాకాల వరకు ముగ్గురూ తాము తినలేని పిండివంటల గురించే మాట్లాడుకున్నారు. సాబ్జాన్ కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

"ఆడ నువ్వు నోరు తెరిస్తే చాలు పెద్దమ్మా" అన్నాడు చివరికి.

"నోరు తెరిచేది నాకొకరు నేర్పల్లనా?"

మద్రాసులో పార్సెళ్ళకు సుంకం కట్టే కచేరీలో వాళ్ళ కాగితం చూసిన అధికారి సన్నగా, పొందిగ్గా ఉన్న మనిషి. తెలుగు బాగానే వచ్చు. పెట్టె తెప్పించి మూత తీశాడు. మైనపు పట్టీల మీద వరసలుగా పళ్ళు తళతళలాడాయి. ఒకటి గోటితో తట్టాడు. టింగుమంది.

"పింగాణీ" అన్నాడు.

"పింగాణీతో చేసిన పండ్లు సార్. వీటిల్లో టీ పోసుకుంటే నిలవదు."

"దేంతో చేశారనేది నాకు ముఖ్యం. ఏం చేస్తారనేది కాదు."

రామాంజనేయులు ముందుకు వచ్చి, రంగస్థలం మీద నిలబడ్డట్టు చేయి చాచాడు. "ఫారూ, ఫివరాత్రికి నాటకముంది. ఫభలో నా పరువు పోతాది." చుట్టూ ఉన్న గుమాస్తాలు తలలు వంచి కాగితాల్లోకి చూడసాగారు. వాళ్ళ భుజాలు ఊగుతున్నాయి.

వెంకటసుబ్బమ్మ అధికారి బల్ల మీదికి వంగి నోరు బార్లా తెరిచింది. "చూడు నాయనా. కప్పులు సర్దుకునేకి ఇదేమన్నా అల్మారా మాదిరి ఉండాదా?"

అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అయినా మనసు మార్చుకోలేదు. అప్పుడు సాబ్జాన్ ఒక్కటే అడిగాడు. అధికారి కళ్ళ ముందే ఒక సెట్టు కుదిర్చి చూపిస్తాననీ, చూసిన తర్వాత ఏం రాసుకున్నా సరేననీ అన్నాడు. అధికారికి కుతూహలం పుట్టిందో, గుమాస్తాల ముందు కాదనలేకపోయాడో, సరేనన్నాడు.

సాబ్జాన్ సంచిలోంచి స్పిరిటు దీపం, చిన్న కత్తి, వెంకటసుబ్బమ్మ నోటి కొలతకు చేసి తెచ్చిన మైనపు దిమ్మె తీశాడు. అక్కడే బల్ల మీద కత్తి వేడి చేసి ఒక్కొక్క పన్నే కుదర్చడం మొదలుపెట్టాడు. పని మొదలయ్యాక కచేరీ సంగతే మరిచిపోయాడు. గంటకు పైగా పట్టింది. గుమాస్తాలు ఫైళ్ళు వదిలేసి చుట్టూ చేరారు. పైవరస పూర్తి చేసి, చన్నీళ్ళలో ముంచి, ఆమె నోట్లో పెట్టాడు.

వెంకటసుబ్బమ్మ మొహం మారిపోయింది. లోపలికి పోయిన పెదవి పైకి లేచి, పదేళ్ళు తగ్గినట్టయింది. ఒక గుమాస్తా అందించిన చేతి అద్దంలో చూసుకుంది. వేలితో ఒక్కొక్క పన్నూ తడిమింది. 

"బాగుంది. ఇక తీసి ఇవ్వండమ్మా, పెట్టెలో పెట్టాలి" అన్నాడు అధికారి.

"తియ్యను."

"సుంకం కట్టకుండా సరుకు బయటికి పోకూడదు."

"నేనెందుకు పోతా? ఈడనే కూర్చుంటా." ఆమె బల్ల పక్కన స్టూలు మీద మూట పెట్టుకుని కూర్చుంది. "కప్పులైతే నువ్వే వచ్చి తీసుకో నాయనా."

సాబ్జాన్‌కు నిజంగానే చెమట పట్టింది. ఇది ఆయన అనుకున్న నాటకంలో లేదు. "పెద్దమ్మా, అది ఉత్త మైనం, నిలవదు, తియ్యి" అని గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. పద్నాలుగు పళ్ళు తక్కువైన పెట్టెను అధికారి మూయలేడు, అరవై ఏళ్ళ ఆడమనిషి నోట్లో చేయి పెట్టనూ లేడు. మధ్యాహ్నం దాకా చూసి చివరికి పై అధికారి గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి పై అధికారి స్వయంగా బయటికి వచ్చాడు. లావుపాటి పెద్దమనిషి.

"ఏమిటి గొడవ?"

"ఆవిడ పళ్ళు తీయనంటోంది సార్."

"ఏం తీయనంటోంది?"

"పళ్ళు సార్."

పెద్దాయన తన కింది అధికారి వైపు నిదానంగా చూశాడు. "మీ నోటితో మీరే పళ్ళంటున్నారు గదా. అట్లాగే రాయండి."

వైద్య సామాను అని రాసి, రూపాయికి మూడణాల లెక్కన సుంకం కట్టించుకున్నారు. రసీదు చేతికి వచ్చాక వెంకటసుబ్బమ్మ తానే మర్యాదగా పళ్ళు తీసి సాబ్జాన్ చేతిలో పెట్టి, మూట విప్పి కచేరీ అందరికీ బెల్లం ఉండలు పంచింది. కోపం తగ్గని ఆ సన్నటి అధికారి కూడా రెండు తీసుకున్నాడు.

సంబరం సాయంకాలం దాకా నిలవలేదు. పెట్టె విడిపించబోతే, పంతొమ్మిది రోజులు గోదాములో ఉన్నందుకు బాడిగ కట్టమన్నారు. తగ్గిన సుంకంలో సగం దానికే పోయింది. మిగిలిన ఖర్చు ముగ్గురూ తలా కొంత వేసుకుందామన్నారు. వెంకటసుబ్బమ్మ మాత్రం తనవి పెట్టెలో కాక నోట్లో విడుదలయ్యాయి గనుక గోదాము బాడిగ తనకు వర్తించదని దారి పొడుగునా వాదించింది. ధర్మవరంలో ఆదినారాయణ దిగేముందు విసిగిపోయి ఆమె భాగం కూడా తనే ఇచ్చేశాడు. ఆమె మొహమాటం లేకుండా సరేనంది.

శివరాత్రికి రామాంజనేయులు సభను సభ అనే అన్నాడు.

ఆ తర్వాత సాబ్జాన్‌కు ఇంకో పేరు వచ్చింది. హార్మోనియం రీడ్లకని, గడియారం భాగాలకని పై దేశాలకు జాబులు రాసుకునేవాళ్ళు ముందు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన ధర ఎంతని అడిగేవాడు కాదు. "ఆ ధర యాడి కాడిదప్పా? ఓడ కాడిదా, నీ గడప కాడిదా?" అని అడిగేవాడు. దేవదాసు మాస్టరు తన నిఘంటువులో ఫాబ్ పక్కన పెన్సిలుతో 'గానుగ కాడి ధర' అని రాసుకున్నాడు.

అరవైల నడుమ మన దేశంలోనే ప్లాస్టిక్ పళ్ళు చేయడం మొదలైంది. చవక, తేలిక, సుంకం లేదు. సాబ్జాన్ సంతోషంగా అవే తెప్పించాడు. అయితే డబ్బున్నవాళ్ళు ముఖం ముడిచేవారు. సుంకం పడని పన్ను పన్నే కాదన్నట్టు మాట్లాడేవారు. నాలుగు రోజులు చెప్పి చూసి ఆయన విసిగిపోయాడు.

"ఇవి బొంబాయివి. వీటికి సుంకం లేదు. నీకు కట్టల్లని అంత ఆశ ఉంటే, నాకు కట్టు" అని మొహం మీదే చెప్పేవాడు. ఆశ్చర్యమేమంటే చాలామంది కట్టేవారు. ఆ దుడ్లన్నీ ఒక పళ్ళపొడి డబ్బాలో వేసి, ఏటా రొళ్ల, ఓబులదేవరచెరువు వైపు నుంచి నడిచి వచ్చే కూలీ ముసలమ్మలకు నలుగురైదుగురికి ఊరికే పళ్ళు కట్టేవాడు. వాళ్ళు ఎంతైందని అడిగితే, సుంకం కట్టేవాళ్ళు ముందే కట్టేశారులే అని చెప్పి, దంపుడు బియ్యపు అన్నం రెండు రోజులు ఆగి తినమని పంపించేవాడు.