అందరికంటే ముందు లారీ ఎక్కిన లీడరుగారు

మా చిన్నప్పుడు... పెన్న మీద సోమశిల డ్యాం కడుతున్న రోజుల్లో, మా ఊరి లీడరుగారు అరుగెక్కి మాట్లాడుతుంటే జనమంతా నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

"ఎవురూ కదలబాకండి! నేనుండా గదా! నా ఇంటి పెంకు దిగిన నాడు మీ పెంకు దించండి!"

మాది డ్యాం నీళ్ళల్లో మునిగిపోయే మునక ఊరు. పోయేటప్పుడు ద్వారబంధాలు, దూలాలు, పెంకులు ఊడదీసి బండ్ల మీద వేసుకుపోవాలి. అవి ఉంటేనే గవర్నమెంటు స్థలమిచ్చిన కొత్త కాలనీలో ఇల్లు లేచేది... లేకపోతే గుడిసే గతి. మా నాయన అప్పటికే కప్పు మీదికి ఎక్కి పెంకులు తీస్తున్నాడు. లీడరు మాట విని, తీసినవి మళ్ళీ పేర్చి కిందికి దిగాడు.

ఒకరోజు తెల్లారి లేచి చూద్దుము గదా... లీడరుగారి ఇంటి ముందు లారీలు! తలుపులు, కిటికీలు, దూలాలు, ఆఖరికి రుబ్బురోలు కూడా ఎక్కేసింది. ఆయనగారు ముందు సీట్లో కూర్చుని, దుమ్ము పడకుండా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందన్నా, మమ్మల్ని కదలబాకండి అంటివే?" అన్నాడు నాయన.

"పిలకాయల చదువులురా... ఆత్మకూరులో బళ్ళు తెరిచేసినారు. మీరేం భయపడబాకండి. నేనుండా గదా!"

ఛీ! అందరూ ఒక్కసారి బయల్దేరితే తనకు లారీలు, కూలీలు దొరకరని మమ్మల్ని ఆపాడట. తర్వాత ఆ లారీ డ్రైవరే చెప్పాడు.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. పెన్న పొంగింది. మా వీధికి మిగిలినవి రెండే ఎద్దుల బండ్లు... మాదొకటి, ఖాదర్ మామది ఒకటి. నా ఇల్లు ముందంటే నా ఇల్లు ముందని జనం కొట్టుకుంటుంటే, మా అవ్వ కొంగు నడుముకు చుట్టి వీధి మధ్యలో నిలబడింది.

"అరిస్తే నీళ్ళు ఆగుతాయంట్రా? పసిబిడ్డలుండే ఇండ్లు ముందు. ఒంటిగా ఉండే ముసిలోళ్ళవి ఆ యెనక. బండ్లుండే మా రెండిండ్లూ కడాన."

ఖాదర్ మామ వెంటనే ఎద్దుల్ని కట్టాడు. మా అమ్మ మాత్రం నెత్తీ నోరూ కొట్టుకుంది. "మన కొంప నీ కంటికి ఆనలేదా అత్తా?"

అందరి సామానూ గట్టెక్కింది. మా రెండిండ్ల వంతు వచ్చేసరికి నీళ్ళు గడపలు దాటాయి. దూలాలు పోయాయి, టేకు ద్వారబంధం పోయింది. కాలనీలో ఏళ్ళ తరబడి గుడిసెలోనే ఉన్నాం. వాన కురిసినప్పుడల్లా అమ్మ అవ్వను తిట్టిపోసేది. అవ్వ కారే చోటల్లా చట్టి పెట్టుకుంటూ తిరిగేది.

తర్వాత ఎలక్షన్లు వచ్చాయి. లీడరుగారు మెడనిండా దండలతో కాలనీకొచ్చి మైకు పట్టుకున్నాడు.

"మిమ్మల్నందర్నీ దగ్గరుండి గట్టుకు చేర్చినోణ్ణి నేను!"

అవ్వ తుపుక్కున ఉమ్మి లేచిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంటి పట్టా ఆయన చేతిలో పని కాబట్టి... మా నాయన కూడా కొట్టాడు.

ఇప్పుడు అవ్వ లేదు. ఫోను తెరిస్తే చాలు, గొప్ప నాయకుడి లక్షణాలని పొద్దుటినుంచీ మెసేజీలే...

తన ఇల్లు కడాన పెట్టుకున్న మనిషి మీ ఊళ్ళోనూ ఒకరైనా ఉండే ఉంటారు. వాళ్ళ గురించి రాయండి, కూర్చుని చదువుకుంటాను. లీడర్ల సంగతులు మాత్రం వద్దు... వినీ వినీ రోత పుట్టింది.