వాడపల్లి రేవులో పిట్టకు పెట్టిన రోజు

పదకొండేళ్లుగా ఒక మాట నా లోపల కూర్చుని ఉంది. చెప్పుకునేంత పెద్దదేమీ కాదని చాలాసార్లు నన్ను నేను సముదాయించుకున్నాను. ఒక విస్తరిలో అన్నం కొంచెం కదిపాను. ఒక్క మాట అబద్ధం ఆడాను. అంతే. కానీ ఆ ఒక్క మాటతో ఒక మనిషి పోదామనుకున్న ఊరికి పోకుండా, చేసుకుందామనుకున్న పిల్లను చేసుకోకుండా ఆగిపోయాడు. ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది సూర్యాపేట. అప్పుడు నాకు ఇరవై తొమ్మిది. ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసి, వీపుకో బ్యాగు తగిలించుకుని నదుల వెంట తిరుగుతున్నాను. ఏం వెతుకుతున్నావని మా నాన్న అడిగితే ప్రశాంతత అన్నాను. అది సూర్యాపేటలో దొరకదా అని ఆయన అడిగిన దాంట్లో వెటకారం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. మట్టపల్లిలో రెండు రోజులుండి, కృష్ణ గట్టున కొంత నడిచి, కొంత ఆటోలెక్కి, దామరచర్ల మీదుగా వాడపల్లి చేరాను. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు అది. గుడికి వచ్చేవాళ్లు కొందరు, పోయినవాళ్ల అస్థికలు కలపడానికి వచ్చేవాళ్లు కొందరు. రెండు రోజులుందామని సత్రంలో గది తీసుకుని తొమ్మిది రోజులున్నాను. దానికి కారణం సైదులు.

సైదులు రేవులో పడవ నడిపేవాడు. అస్థికలు తెచ్చినవాళ్లను నీళ్ల మధ్యకు తీసుకుపోవడం అతని పని, అంతకుముందు వాళ్ల నాయన పని. నాకంటే మూడేళ్లు చిన్న. మొదటి రోజే అన్నా అని పిలిచాడు, రెండో రోజు ఇంటికి తీసుకుపోయి వాళ్లమ్మ చేతి చేపల పులుసు పెట్టించాడు. ఆ తర్వాత నేను అడగకుండానే నాకూ ఒక కంచం పడేది. వీపు మీద బ్యాగు దించకుండా తిరుగుతానని వాడకట్టంతా నన్ను బ్యాగు సారు అనేవాళ్లు. ఇంటి ముందు మంచంలో వాళ్ల నాయన దగ్గుతూ పడుకుని ఉండేవాడు. నాతో పెద్దగా మాట్లాడలేదు. ఒకసారి బీడీ ఇచ్చాడు. నాకు అలవాటు లేదంటే నవ్వి మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

సైదులుకు ఇంకో పని కూడా వచ్చు. మిర్యాలగూడలో రెండేళ్లుండి కాలిపోయిన మోటర్లకు వైండింగ్ చేయడం నేర్చుకున్నాడు. కోదాడలో ఒక షెడ్డులో పని కుదిరింది. కోదాడలోనే నాగమణి ఉంది. బట్టలు కుడుతుంది. సైదులు అంటే ఇష్టమే, కానీ రోజూ ఎవరో ఒకరి అస్థికలు వచ్చే రేవులో కాపురం చేయలేనని, కోదాడ వస్తేనే పెళ్లని చెప్పింది. వచ్చే నెల పోతానని సైదులు నాకు చెప్పాడు. ఇంట్లో కూడా చెప్పాడు. వాళ్లమ్మ ఏడ్చింది. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడట.

అప్పుడు నేనేమన్నానో మీకు చెప్పాలి. ఈ నదిని వదిలిపెట్టి ఆ గ్రీసు కంపులోకి పోతావా తమ్ముడూ, నీకున్న ప్రశాంతత ఎంత గొప్పదో నీకు తెలియడం లేదు అన్నాను. రెండు రోజులుందామని వచ్చినవాణ్ణి. జీతం రాళ్లు లేకపోయినా మా నాన్న పంపితే తినేవాణ్ణి. అతను నవ్వాడు. పోవాలన్న మనిషికి పోవడానికి బ్యాగు కూడా లేదు, ఉండమని చెప్పేవాడి వీపు మీద బ్యాగుంది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

నేను వాడపల్లి వచ్చిన ఆరో రోజు తెల్లవారేసరికి వాళ్ల నాయన పోయాడు. నేను కూడా పాడె వెనక నడిచాను. మూడో నాడు రేవులో పిట్టకు పెట్టారు.

మా వైపు అందరికీ తెలిసిందే. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందంటే పోయిన ప్రాణం తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి మాట ఇస్తూ పోతారు. ఏ మాట తర్వాత పిట్ట ముడితే, ఆ మాట కోసమే ప్రాణం ఆగిందని లెక్క. ఆ మాట ఇక తప్పడానికి లేదు.

విస్తరిలో అన్నం, చేపల పులుసు, ఉడికించిన గుడ్డు, ఒక బీడీ పెట్టారు. జనం ఉంటే కాకులు రావని అందరూ సత్రం గోడ వెనక్కి పోయారు. బయటివాడు ఒక్కడు కదలకుండా కూర్చుంటే ఫరవాలేదన్నారు. జర నువ్వు సూడన్నా, ముట్టంగనే పిలువు అని సైదులే నన్ను మెట్ల మీద కూర్చోబెట్టాడు. నమ్మకం అంటే అదే. వాళ్ల నాయన ఆఖరి మాట నా కళ్లకు అప్పజెప్పాడు.

ఆ రోజు నా ప్రయాణం. పదకొండున్నర బస్సుకు మిర్యాలగూడ పోయి రైలెక్కాలి, అక్కణ్నుంచి కాశీ దాకా టికెట్లున్నాయి. పొద్దున్నే ఇంకో రెండు కుటుంబాలవాళ్లు పిట్టకు పెట్టి పోయారు. కాకులు కడుపునిండా తిని అవతలి గట్టున చెట్ల మీద కూర్చున్నాయి. అది నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. లెక్కల మాస్టారుకు అంత మాత్రం తెలియదా? చెబితే కాసేపు ఆగేవాళ్లే కదా?

సైదులు అక్క వచ్చి, అమ్మను తన దగ్గర కూడా ఉంచుకుంటానని మాటిచ్చి పోయింది. పిట్ట రాలేదు. వాళ్లమ్మ వచ్చి, ఏడవనని, వేళకు తింటానని చెప్పింది. రాలేదు. ఎండ మెట్ల మీదికి ఎక్కింది. అప్పుడు ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఆయన పాణం నీ మీదనే కొట్టుకుంటున్నది బిడ్డా. కోదాడ పోనని చెప్పు."

సైదులు విస్తరిని చూడలేదు. నన్ను చూశాడు. నేను ఏదైనా అంటానని చూశాడా, ఊరికే చూశాడా? ఎన్నిసార్లు వేసుకున్న ప్రశ్నో ఇది. నేను తల దించుకున్నాను. అతను మెల్లగా, పోను నాయనా, పడవ ఇడిసిపెట్ట, ఈణ్నే ఉంట అన్నాడు. తల్లీకొడుకులు మళ్లీ గోడ వెనక్కి పోయారు.

నేను చూస్తూ కూర్చున్నాను. ఒక కాకి వచ్చింది. గట్టు మీద వాలి, విస్తరివైపు మెడ తిప్పి చూసి, ఎగిరిపోయింది. ఆ తర్వాత ఇంకేదీ రాలేదు. వాచీ చూసుకున్నాను. పదకొండు దాటింది. లేచాను. రెండు మెట్లు దిగి, అన్నం ముద్దను వేళ్లతో చెదరగొట్టాను, కొంత మట్టిలో వేశాను, చేప ముక్కను విస్తరి అంచుకు లాగాను. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ వచ్చి కూర్చుని, ముట్టింది అని గట్టిగా పిలిచాను.

అందరూ పరుగున వచ్చారు. వాళ్లమ్మ నేలకు మొక్కింది. సైదులు అక్కడే కూలబడి ఏడ్చాడు. తండ్రి కోసం ఏడ్చాడని అందరూ అనుకున్నారు. నాకు తెలుసు ఎందుకు ఏడ్చాడో. పిట్ట ముట్టాక అన్నం తినకుండా పోనిచ్చేది లేదని నన్ను పట్టుకుపోయి కూర్చోబెట్టారు. తిన్నాను. నాకు రెండోసారి పులుసు పోసింది ఆ తల్లి. అంత చేసీ ఆ బస్సు అందలేదు.

ఎందుకు చేశాను? బస్సు కోసమా? ఎండకా, ఆకలికా? వాళ్ల అవస్థ చూడలేకనా? చాలా ఏళ్లు ఈ జవాబులతోనే కాలం గడిపాను. అన్నీ కొంత నిజమే. కానీ అడుగున ఇంకొకటుంది. అతను పోకూడదని నాకూ ఉంది. నేను కాశీ పోయి, ఎక్కడెక్కడో తిరిగి, అలసిపోయి మళ్లీ ఎప్పుడో వస్తే, ఆ రేవులో ఆ పడవ మీద ఆ మనిషి అట్లాగే ఉండాలని ఉంది. నా ప్రశాంతతకు అతన్ని కాపలా పెట్టాను.

ఇంకో మాట. పిట్ట రాలేదు కదా. వాళ్లు నమ్మిన పద్ధతి ప్రకారమే చూసినా, కొడుకు కోదాడ పోనన్న తర్వాత కూడా రాలేదు. అంటే ఆ తండ్రి కోరిక అది కాదు. పొమ్మనే అన్నాడేమో. గోడవైపు తిరిగింది కోపంతో కాదేమో, కన్నీళ్లు కనబడకూడదనేమో. నాకు ఈ నమ్మకాలు లేవని చెప్పుకుని తిరిగేవాణ్ణి. లేని నమ్మకం ఇంత పీడిస్తుందా?

సరిదిద్దే దారి దొరకలేదని చెప్పలేను. ఏడాది దాటాక సైదులు ఫోన్ చేశాడు. నాగమణికి సంబంధాలు చూస్తున్నారట, చివరిసారి కబురు పంపిందట. పిట్టకు ఇచ్చిన మాట తిరగదీసుకోవచ్చా అన్నా అని అడిగాడు. చదువుకున్నవాణ్ణని నన్ను అడిగాడు. అప్పుడు ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. నీ మనసుకే తెలుస్తుంది తమ్ముడూ అన్నాను. చాలా గంభీరంగా అన్నాను. ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది. నిజం చెబితే అపచారం చేశానని కొడతారేమో, ఆ తల్లి మనసు విరిగిపోతుందేమో అని చాలా కారణాలు పేర్చుకున్నాను. మొదటిదే అసలు కారణం. నాగమణికి పెళ్లయిపోయింది. సైదులు తర్వాత త్రిపురారం దగ్గరి పిల్లను చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లమ్మ మూడేళ్ల కింద పోయింది, భర్త మాట కొడుకు నిలబెట్టాడన్న తృప్తితో పోయింది.

అతని బతుకు నాశనమైందని అంటే అదీ అబద్ధమే. పిల్లలున్నారు, తింటున్నాడు, నవ్వుతాడు. పడవ పని లేనప్పుడు నాట్లకు పోతాడు. వైండింగ్ పనిముట్లు ఎవరికో ఇచ్చేశాడు. అతను సంతోషంగా ఉంటే నాకు ఊరట కలగాలి కదా? కలగదు. ఆ సంతోషాన్ని అతను ఏ మాట మీద కూడదీసుకున్నాడో నాకు తెలుసు.

మొన్న ఎండాకాలం కోదాడలో బంధువుల పెళ్లికి పోయి, ఈసారి చెప్పేస్తానని వాడపల్లి బస్సెక్కాను. సైదులు పడవలో కూర్చోబెట్టుకుని నీళ్ల మధ్యకు తీసుకుపోయాడు. మేమిద్దరమే ఉన్నాం. చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. అతనే ముందు మాట్లాడాడు.

"అన్నా, ఒకటి అడుగుత, ఏమనుకోకు. ఆనాడు నువ్వొక్కనివే సూసినవ్ గద. పిట్ట ఎటు దిక్కు నుంచి వచ్చింది?"

"ఎందుకు తమ్ముడూ?"

"ఊకెనే. పొద్దున లేస్తే నాయనకు మొక్కుకుంట. ఏ దిక్కుకు మొక్కాలో తెలుస్తలేదు. గిన్నేండ్ల నుంచి నిన్ను అడుగుదామనుకుంటున్న."

నోటి దాకా వచ్చింది. పదకొండేళ్లు మోసి తెచ్చిన మాట. అతని ముఖంలో ఆశ చూశాను.

"నదివైపు నుంచి" అన్నాను.

సైదులు తెడ్డు పక్కన పెట్టాడు. చెప్పులు విప్పాడు. నీళ్లవైపు తిరిగి రెండు చేతులూ జోడించి, చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పడవ దానంతట అదే కొంచెం తిరిగింది. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

అప్పటినుంచి రోజూ పొద్దున అతను అటే మొక్కుతుంటాడు. అందుకే ఇది రాస్తున్నాను. క్షమించమని కాదు. మీరు క్షమిస్తే ఏమవుతుంది, క్షమించాల్సినవాడికి తప్పు జరిగిందనే తెలియదు. ఇది అతని కంట పడుతుందని ఆశ లేదు, పడుతుందేమోనన్న భయం మాత్రం ఈ పూట కొంచెం తగ్గింది. పైకి చెప్పలేని మాట కాగితం మీదైనా ఒకసారి నిజంగా చెప్పాలి. చెబుతున్నాను.

సైదులూ, ఏ దిక్కు నుంచీ రాలేదు.