కర్ణాటక బండి, సూళగిరి అల్లుడు

ఉదయం ఏడూ నలభైకి సూళగిరిలో కృష్ణగిరి బస్సు ఎక్కాను. ఇంట్లో కారుండగా బస్సెక్కడానికి కారణం ఆ కారే. దాన్ని రోడ్డు మీదికి తేవద్దని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితంలో ఇచ్చిన పదిహేను రోజుల గడువు ఈ సాయంత్రం అయిదుకు తీరిపోతుంది. అప్పటికి నేను కదలకపోతే వాళ్లే వచ్చి కారును కదిలించుకుపోతారు.

పక్క రాష్ట్రపు నంబరు బండి పెట్టుకుని తమిళనాడు సరిహద్దులో, హోసూరు చుట్టుపక్కల కాపురం చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇవాళ కాకపోతే రేపు వాళ్లకూ ఈ ప్రయాణం తప్పదు. అందుకే టైములతో సహా రాస్తున్నాను.

మూడేళ్ల కిందట మా మామ పోయారు. నా భార్య భాగ్య ఆయనకు ఒక్కతే కూతురు. కర్మలకని బెంగళూరు నుంచి కారులో వచ్చాం. రోజాతోట మంచి పూత మీద ఉంది, రెండు నెలలుండి పోదామంది భాగ్య. యంత్రాల విడిభాగాలకు కంప్యూటర్లో బొమ్మలు గీయడం నా పని, ఎక్కడ కూర్చుని గీసినా అడిగేవాడు లేడు. సరేనన్నాను. ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు.

ఎవరడిగినా వచ్చే నెల వెళ్తున్నామని చెబుతూ వచ్చాను. భార్య పుట్టింట్లో స్థిరపడిపోయిన అల్లుణ్ణి ఇక్కడ ఇల్లటం వచ్చాడంటారు. ఆ మాట పడటం నాకిష్టం లేదు. పైగా చుట్టపు అల్లుడికి ఉండే మర్యాదలు వేరు. కూర్చోవడానికి ప్రత్యేకంగా ఒక కుర్చీ, ఆదివారం కోడికూర. మా అత్త మునెమ్మ పాత పద్ధతి మనిషి. అల్లుడి ఎదురుగా కూర్చోదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. "ఆయనకు కాఫీ కావాల్నేమో కనుక్కో" అని కొట్టంలోని దూడకు చెబుతుంది. నేను విని, కావాలని దూడతోనే అంటాను. ఈ మూడేళ్లలో ఆ దూడ ఆవయింది, ఈనింది కూడా. దాని ఉద్యోగం మాత్రం మారలేదు.

నేను ఇక్కడికి చుట్టాన్నేనని చూపించుకోవడానికి నా దగ్గర మిగిలిన రుజువు కారు మీది కేఏ అనే కర్ణాటక నంబరు ఒక్కటే. పక్క రాష్ట్రపు బండి ఏడాదికి మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలన్నది చట్టం. దానికి మా వైపు చదువుకున్నవాళ్లు ఒక విరుగుడు కనిపెట్టారు. ఏడాది నిండకముందే బండిని ఒకసారి సరిహద్దు దాటించి తెస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందట. నేను దాన్ని భక్తిగా పాటించాను. పదకొండు నెలలకోసారి అత్తిబెలె టోల్‌గేటు దాటి బెంగళూరు వెళ్లడం, దోసె తినడం, తిరిగి రావడం. టోలు కట్టినట్టు వచ్చే లెక్కను ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో దాచడం. మూడు ప్రయాణాలకు మూడు కాగితాలు.

పదిహేను రోజుల కిందట కృష్ణగిరి దగ్గర తనిఖీలో రవాణా శాఖ ఇన్‌స్పెక్టరమ్మ ఒకామె కారు ఆపింది. చుట్టపుచూపుగా వచ్చానని చెప్పాను. వెనక సీటులో రెండు ఎరువు మూటలు, రిపేరుకు తీసుకెళ్తున్న బోరు మోటారు ఉన్నాయి. ఆమె వాటి వైపు చూసి కాగితం రాయడం మొదలుపెట్టింది.

బస్సులో నా పక్కన బాగలూరు దగ్గర మేకలు మేపే పెద్దాయన కూర్చున్నాడు. కృష్ణగిరిలో కూతురింటికి పోతున్నాడట. యాడికి పోతా ఉండారని అడిగితే కథంతా చెప్పాను.

"మా మేకలు దినామూ కర్ణాటకలో మేసి సాయంత్రానికి వచ్చేస్తాయప్పా. అవి యా రాష్ట్రానివో నేనెప్పుడూ అనుకోలేదు. కొట్టం యాడుంటే ఆడివే కదా" అన్నాడు.

ఎనిమిదిన్నరకు కృష్ణగిరిలో దిగాను. బస్‌స్టాండు ఎదుట రెండిడ్లీ, ఒక వడ తిన్నాను. ఇడ్లీ బాగుంది, సాంబారు ఇంకా బాగుంది. రవాణా ఆఫీసు తెరిచేది పదికి. తొమ్మిదింటికే వెళితే బయట బెంచీ మీద చోటు దొరుకుతుంది, ఆ తర్వాత దొరకదు.

పదిన్నరకు పిలిచారు. ఇన్‌స్పెక్టరమ్మ తమిళంలో మొదలుపెట్టి, నా తమిళం విని జాలిపడి తెలుగులోకి వచ్చింది. వాళ్లమ్మది వేపనపల్లి దగ్గర పల్లెట. నేను ప్లాస్టిక్ కవర్లోంచి మూడు కాగితాలూ తీసి, తురుపుముక్కలు పరిచినట్టు ఆమె ముందు పరిచాను. బండి ఏ ఏడాదీ పూర్తిగా ఇక్కడ లేదని వివరించాను. ఆమె ఒక్కొక్కటే తీరిగ్గా చదివింది.

"మూడుసార్లూ పొద్దున తొమ్మిదికి పోయినారు, సాయంత్రం నాలుగుకు తిరిగొచ్చినారు. బెంగళూరు మీ ఊరైతే ఒక్క రాత్రైనా ఆడ పండుకోకుండా ఈడికెందుకు వచ్చేసినారు సార్?"

రోజాలకు మందు కొట్టాల్సి ఉండిందని చెప్పాను. అది నిజమే. చెప్పాకగానీ నేనేం చెప్పానో నాకు తెలియలేదు. ఆమె నవ్వలేదు. నా మూడు కాగితాలనూ నా ఫైలుకే కుట్టేసింది. మూడేళ్లుగా బండి ఇక్కడే ఉందనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం వాళ్లు వెతికినా దొరికేది కాదు.

కొత్త నంబరుకు హోసూరు ఆఫీసులో ఈరోజే దరఖాస్తు పెట్టి, దాని నంబరు అయిదులోగా తనకు ఫోనులో పంపాలంది. లేకపోతే తాళంచెవి తెచ్చి ఇవ్వాలంది. మాట మర్యాదగానే ఉంది కానీ, పోయేది కారొక్కటే కాదు. నేను వెళ్లిపోగల మనిషినన్న మాట కూడా దానితోపాటే పోతుంది.

పదకొండూ నలభైకి హోసూరు బస్సు. నిలబడి ప్రయాణం. కిటికీలోంచి సూళగిరి వచ్చి పోయింది, దిగిపోదామా అనిపించింది. ఒంటిగంట దాటాక హోసూరు చేరి, భోజనం మానుకుని ఆఫీసు ఎదుటి జిరాక్స్ కొట్టుకు వెళ్లాను. దరఖాస్తులు నింపిపెట్టే కొట్టాయన కాగితాలన్నీ అడిగాడు. బెంగళూరు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, ఎందుకైనా మంచిదని మా తమ్ముడు ముందే పంపాడు. బీమా ఉంది, పొగ పరీక్ష కాగితం ఉంది. చివరికి తమిళనాడులో ఉంటున్నట్టు విలాసం రుజువు అడిగాడు. నా కార్డులన్నిటి మీదా బెంగళూరే. మూడేళ్లు జాగ్రత్తపడి ఒక్కదానిమీదా మార్చలేదు. నా జాగ్రత్తకు ఫలితం ఇన్నాళ్లకు దక్కింది.

భాగ్యకు ఫోన్ చేసి చెప్పాను. ఏ కాగితం కావాలో రెండుసార్లు అడిగింది. తర్వాత, "అమ్మను పంపిస్తాను, ఆడనే ఉండండి" అని పెట్టేసింది.

కౌంటరు నాలుగుకు మూసేస్తారు. మూడుంబావుకు మా అత్త గుడ్డసంచీతో ఆటో దిగింది. నాకేసి చూడకుండా సంచీలోంచి రేషన్ కార్డు తీసి కొట్టాయన చేతికిచ్చింది. దానితోపాటు నాలుగు మడతలు పెట్టిన పాత రసీదు కూడా. ఆయన పైకి చదివాడు. కుటుంబ పెద్ద మునెమ్మ. తర్వాత భాగ్య. ఆ తర్వాత నా పేరు.

రసీదు నా పేరు చేర్పించినప్పటిది. మామ కర్మలు జరిగిన నెలన్నరకు, అంటే మేము వెళ్లిపోతామన్న గడువుకు ఇంకా పదిహేను రోజులుండగానే చేర్పించారు. గ్యాసు కనెక్షనుకని భాగ్య నా ఆధార్ నకలు తీసుకోవడం అప్పుడు గుర్తొచ్చింది. కారును పరాయిదిగా ఉంచడానికి నేను టోల్‌గేట్ల చుట్టూ తిరుగుతున్న కాలమంతా ఈ ఇంటివాడిగా నా వంతు బియ్యం తింటూనే ఉన్నాను.

కోపం రావాల్సింది. రాలేదు. సిగ్గేసింది.

"నాకెందుకు చెప్పలేదత్తా?" అన్నాను.

ఆమె అలవాటు కొద్దీ అటూ ఇటూ చూసింది. హోసూరు ఆఫీసు ఎదుట ఆవు లేదు. ఇక నా ముఖంలోకే చూసి మాట్లాడింది.

"చెప్పింటే మీరు పోయిందురు. మీరు పోతే భాగ్య పోతుంది. ఆయప్ప పోయిన ఇంట్లో నేనొక్కదాన్నే ఎట్లుండేది?"

ఆమె ఎవరికైనా భయపడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. తోటలో పదిమంది కూలీలను ఒంటిచేత్తో నడిపే మనిషి. మూడేళ్లుగా నెలనెలా నేను గొప్పగా చెప్పుకునే "వచ్చే నెల" ఆమె చెవిన ఎలా పడి ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

దరఖాస్తులో బండి ఈ రాష్ట్రానికి వచ్చిన తేదీ రాయమని ఒక గడి ఉంది. కొంచెం దగ్గర తేదీ రాస్తే మేలని కొట్టాయన గొంతు తగ్గించి చెప్పాడు. మేము కర్మలకు వచ్చిన తేదీ రాసి సంతకం పెట్టాను. మూడూ యాభైకి కౌంటర్లో ఇచ్చాం. నాలుగుంబావుకు నంబరు ఫోటో తీసి పంపితే కృష్ణగిరి నుంచి "సరే" అని వచ్చింది. జీవితకాలపు పన్ను ఒక జీవితంలోనే రెండోసారి కట్టాలి, ఆలస్యానికి జరిమానా ఉంటుంది, బండిని తెచ్చి చూపించాలి. అయినా బండి ఇంట్లోనే ఉంటుంది.

ఈ పని మీద వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. కృష్ణగిరిలో టిఫిన్ చేయండి, హోసూరులో భోజనం మానుకోకండి, టోలు కాగితాలు ఎవరికీ చూపించకండి. ఇంట్లోవాళ్లను ముందే అడిగి బయలుదేరితే ప్రయాణం సగం తగ్గుతుంది.

అయిదుంబావు బస్సు దొరికింది. అంతలోపే అత్త మార్కెట్టుకు పోయి ఉల్లిగడ్డల మూట కొనుక్కొచ్చింది. ఆమె ముందర ఆడవాళ్ల సీట్లో, నేను వెనక కూర్చున్నాం. ఆరు దాటాక సూళగిరిలో దిగాం. ఇలాంటి మూటలుంటే ఆమె ఎప్పుడూ ఆటో పిలిచేది, లేదా తానే నెత్తికెత్తుకునేది. అల్లుడి చేత బరువు మోయించిన పాపం ఈ మూడేళ్లలో ఎన్నడూ ఎరగదు. ఇప్పుడు మూట తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"ఎత్తుకో నాయినా, పొద్దు పోతా ఉంది" అని, వెనక్కి చూడకుండా ముందుకు నడిచింది.

ఇరవై కిలోలుంటుంది. భుజానికెత్తుకుని ఆమె వెనకే మా ఇంటికి నడిచాను.