బోర్లించిన నావకి సున్నా మార్కులు

మొన్న మధురవాడలో మా మనవరాలికి ఒకటో తరగతి సీటు కోసం పరీక్ష పెడతారంటే, పిల్లల మనస్తత్వం చదువుకున్న అత్త పక్కనుంటే ధైర్యమని మా మేనల్లుడు నన్ను కూడా కారెక్కించుకుని తీసుకుపోయాడు. మనవరాలంటే మా తమ్ముడి కొడుకు కూతురు, ఐదేళ్ళు నిండిన పిల్ల. అక్షరాలో అంకెలో అడుగుతారనుకున్నాను. ఏసీ గదిలో మేనల్లుడినీ, వాడి పెళ్ళాం మా కోడలినీ, నన్నూ వెనక కుర్చీల్లో కూర్చోబెట్టి, ఆ బడి కౌన్సిలరట, ఒక అమ్మాయి అట్టల పెట్టె తెరిచి మొదటి అట్ట పైకి తీసిందో లేదో, నేను కుర్చీలో ముందుకి వంగాను. ఆ అట్టని నేనెరుగుదును. జిరాక్సుకి జిరాక్సు తీసి రంగు వెలిసిపోయినా పోల్చుకోలేనా? సముద్రపు ఒడ్డు, ఇసకలో బోర్లించిన నావ, దాని నీడలో కూర్చున్న ఒక మనిషి. ఈ బొమ్మలో తప్పేమిటో పిల్లలు చెప్పాలి.

నలభై ఏళ్ళ కిందట ఇదే అట్ట ఇంగ్లండులో నా ముందుకి వచ్చింది. అప్పటికి నేను మల్కాపురంలో చిన్న పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. పోర్టు కూలీల పిల్లలూ, రిఫైనరీ పనివాళ్ళ పిల్లలూ వచ్చే బడి అది. వాళ్ళలో సగం మందికి మొద్దులని పేరు పెట్టి వెనక బెంచీలో కూర్చోబెట్టేవారు, ఆ బెంచీ దాటి ముందుకొచ్చిన పిల్లని నేను చూడలేదు. వీళ్ళు మొద్దులు కారు మొర్రో అని నేను ఎంత మొత్తుకున్నా నీకేం తెలుసమ్మా అనేవారు. తెలుసుకునే వద్దామని, పిల్లల మనసునీ బడినీ కలిపి చదివే పై చదువుకి స్కాలర్‌షిప్పు దొరికితే, స్వెట్టరంటే ఏమిటో తెలియని ఊరినుంచి ఆ చలిలోకి వెళ్ళాను.

మాది జాలరి ఇల్లు. నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్మేది. ఇక్కడ కాలేజీలో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుంటే పళ్ళబిగువున భరించానుగానీ, అక్కడి హాస్టల్లో ఒకనాడు ఎండుచేపలు వేయించుకుంటే అంతస్తు అంతస్తంతా కిటికీలు తెరిచి, ఎక్కడో ఏదో చచ్చిందని వెతకడం మొదలుపెట్టారు. అందరితో పాటు నేనూ మంచాల కింద వంగి వెతికాను, ఏం చేస్తాను మరి! ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అట్ట సంగతి తలుచుకుంటే మాత్రం రావడం లేదు.

క్లాసులో ప్రొఫెసరు ఆ అట్ట చూపించి, మీరే పిల్లలనుకుని జవాబు చెప్పండన్నాడు. నేను ఎంత చూసినా తప్పేం కనబడలేదు. వేట ఆపిన రోజుల్లో మా నాన్న చేసేది అదే కదా! నావని ఒడ్డుకి లాగి, బోర్లించి, అడుగు గీకి తారు పూసి, ఒక పక్క కర్ర ఊతంగా పెట్టి పైకెత్తి, ఆ నీడలో కూర్చుని వలలు బాగుచేసుకునేవాడు. మా అన్నం తినడాలు, మధ్యాహ్నం నిద్రలు, తమ్ముడికి నేను అక్షరాలు దిద్దించడం, అన్నీ ఆ నావ కిందే. అందుకని తప్పేమీ లేదని చెప్పాను. క్లాసంతా గొల్లున నవ్వింది. నావ నీళ్ళ మీద ఉండాలి, తలకిందులుగా ఇసకలో ఉండటం తప్పు, అదీ జవాబు. ఆ ఊరివాళ్ళకి సముద్రం చూడాలంటే రైలెక్కి పోవాలి మరి. ప్రొఫెసరు నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు, భలే ఉందన్నాడు, అని సున్నా వేశాడు. మీ ఊళ్ళో నిజమే కావచ్చుగానీ, అట్టకి ఒక్కటే జవాబట. ఛీ, అంత చదువు చదివి నువ్వు కొలిచేది ఇదా అనుకున్నాను. మల్కాపురంలో వెనక బెంచీ ఎలా తయారవుతుందో నాకప్పుడు అర్థమైంది.

అందరూ అలాంటివాళ్ళే అనను. అక్కడి ఒక బడిలో నా చేత పని చేయించిన పెద్దావిడ ఉండేది, పిల్లల గదిలోకి తలుపు తట్టిగానీ అడుగుపెట్టేది కాదు, నేల మీద చతికిలబడి కూర్చునేది. జవాబు కోసం పిల్లాడు నీ మొహం వంక చూశాడా, ఇంక పెట్టె మూసేయమనేది. ఆ తరవాత నువ్వు కొలిచేది వాడి తెలివిని కాదు, వాడి భయాన్ని అనేది. నేను తెచ్చుకున్న డిగ్రీ అంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాటా ఒక ఎత్తు. తిరిగొచ్చాక ఈ ఊళ్ళో ఎన్ని బళ్ళకి వెళ్ళానో, ఎక్కడా ఆ అట్ట బయటికి తీయలేదు, తీయనివ్వలేదు. నాన్నకి సున్నా కథ చెబితే పడీ పడీ నవ్వి, ఆడిని ఓపాలి మన ఒడ్డుకి రమ్మను, నావ కింద కూకోబెడతాను అన్నాడు.

ఇప్పుడు మధురవాడ గదిలో, అదే అట్ట. మా పిల్ల దాన్ని చూసి మొహం ఇంత చేసుకుని, ఏటీ తప్పు లేదు, ఇది మా తాత నావ అంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ కౌన్సిలరమ్మాయి మాత్రం నవ్వలేదు, పెన్ను పైకెత్తి పట్టుకుని, మళ్ళీ చూడు బేబీ అంది. వెనకనుంచి కోడలు గట్టిగా దగ్గింది. పిల్ల వాళ్ళమ్మ వంక చూసింది, ఆ అమ్మాయి వంక చూసింది, గాలిలో ఆగిన పెన్ను వంక చూసింది. పెట్టె మూసెయ్యమ్మా అని నేను లేచేలోపలే, బోట్ వాటర్‌లో ఉండాలి అనేసింది పిల్ల. వెరీ గుడ్ అట! చప్పట్లట! మిగిలిన అట్టలన్నిటికీ పిల్ల బొమ్మ వంక చూడనే లేదు, ఆ అమ్మాయి మొహం చూసి చెప్పింది. సీటు ఇచ్చేశారు.

బయటికొచ్చి నేను నోటికొచ్చినట్టు తిడుతూంటే మా మేనల్లుడు, ఏటత్తా, సీటొచ్చింది కదా, ఇంకేటి అన్నాడు. వాడూ ఆ నావ నీడలో పెరిగినవాడే. వాడి మీదా, దగ్గిన కోడలి మీదా, ఆ గది మీదా, ఆ గదిలో నా చదువు పేరు చెప్పుకుని జరిగేదాని మీదా రోత పుట్టింది. ఆనాడు సున్నా వేసినవాడికి సముద్రం తెలియదు, సరే. ఒడ్డునే పుట్టి, రోజూ నావల్ని చూస్తూ, ఈ అమ్మాయికేం వచ్చింది? మనకేం వచ్చింది?

స్వీటు డబ్బాతో తమ్ముడి దగ్గరికి వెళ్ళాం. వేట నిషేధం రోజులు కదా, నావ బోర్లించి, వల ఒళ్ళో వేసుకుని కింద కూర్చున్నాడు. ఎప్పుడూ కారు దిగీ దిగకుండానే పరిగెత్తి తాత పక్కన దూరే పిల్ల, ఆ రోజు ఇసకలో ఆగిపోయింది. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఎవరైనా వింటారేమో అన్నట్టు, తాత తప్పు సేత్తన్నాడా మామ్మా అని అడిగింది.

లేదమ్మా, తప్పు ఆ అట్టది అన్నాను. పిల్ల నా మొహం వంక చూసింది, నాకు ఏ జవాబు కావాలో వెతుక్కుంటూ. నేను మోకాళ్ళు పట్టుకుని వంగి నావ కిందికి దూరి తమ్ముడి పక్కన కూర్చున్నాను. అదే తారు వాసన, అదే చల్లదనం. మా కాలంలో సున్నా తెచ్చుకున్నా ఈ నీడ మాకు మిగిలింది. రా తల్లీ అని ఇద్దరం ఎంత పిలిచినా, మా పిల్ల ఎండలోనే నిలబడింది.