అమావాస్య మర్నాటి చీపురు

మా ఇంటి ఓనరమ్మ పోయిందని బడికి ఫోను వచ్చింది. హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి రిసీవరు తీసుకుంటే అవతల ఆమె కోడలు. "టీచరమ్మా, అత్త పోయింది" అంది. షుగరు ముదిరి, కాలు పాడై, దవాఖానలో పడుకున్న మనిషి ఇక లేవదని మా అందరికీ తెలుసు. చేతిలో చాక్‌పీసు అలాగే పట్టుకుని బస్టాపుకు నడిచాను. నడుస్తుంటే నా మనసులో మెదిలిన మొదటి మాట ఏమిటంటే, పోతే పోయింది గానీ మంచం మీద పోయింది, రోడ్డు మీద కాదు. శంషాబాదులో బెంగుళూరు రోడ్డు పక్కన కాపురాలు చేసేవాళ్ళకు అది చిన్న ఊరట కాదు.

మాది గుంటూరు వైపు. మా ఆయనకు ఇటు బదిలీ అయినప్పుడు ఆమె ఇంట్లో రెండు గదులు కిరాయికి దొరికాయి. మొదటి రోజు నన్ను కిందికీ మీదికీ చూసి, "కిరాయి సంగతి ఎన్కల మాట్లాడుదం గానీ, పొద్దుగాల బర్రెల వాసనకు పరేషాన్ గారు గదా?" అని అడిగింది. మా పుట్టింట్లోనూ పాడి ఉందండీ అన్నాను. "గీ అండీ గిండీ ఏంది? అక్కా అను, సాలు" అంది. నేను అక్కా అన్నాను గానీ, 'మీరు' మాత్రం వదల్లేకపోయాను. దానికి ఆమె చివరిదాకా నన్ను ఆటపట్టించింది.

పాలు పోసేటప్పుడు కొలత అయ్యాక ఇంకాస్త ఒంపడం ఆమె అలవాటు. వద్దంటే వినేది కాదు. "కొలత బేరానిది, కొసరు నాది" అనేది. మా పిల్లలు ఆ కొసరు మీదే పెరిగారు.

ఆమె గురించి చెప్పాలంటే ఆ వంతెన గురించి చెప్పక తప్పదు. హిమాయత్ సాగర్ వైపు పారే వాగు మీద పాతకాలపు రాతి వంతెన అది. ఒక లారీ ఎక్కితే ఎదురుగా వచ్చే లారీ ఆగాలి. ఆగే ఓపిక ఎవరికుంది? పైగా కొత్వాల్‌గూడ నుంచి వచ్చే రోడ్డు సరిగ్గా వంతెన మొదట్లోనే హైవేలో కలిసేది. అటు నుంచి వచ్చేవాడికి వంతెన గోడ అడ్డం, వంతెన దిగేవాడికి మలుపు అడ్డం. ఎప్పుడూ ఎవరో ఒకరు పోతూనే ఉండేవారు. 'ప్రమాద స్థలము, నెమ్మదిగా పోవుము' అని ఒక బోర్డు పాతారు. మనవాళ్ళు ఆ బోర్డుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు.

అక్కడ గాలి ఉందని ఊరంతా నమ్మింది. అందుకని అమావాస్య వచ్చిందంటే లారీల వాళ్ళు, ఆటోల వాళ్ళు, ట్రాక్టర్ల వాళ్ళు బండికి దిష్టి తీసి, ఆ బూడిద గుమ్మడికాయను అక్కడికే తెచ్చి పగలగొట్టేవారు. దిష్టి తీసింది మూడు తోవలు కలిసే చోటనే వేయాలి గదా. మా గుంటూరులోనూ అదే పద్ధతి. సాయంత్రానికి తారు నిండా గుజ్జు, గింజలు, కుంకుమ నీళ్ళు. మనుషులు చచ్చిపోతున్న చోటనే జారుడుబండ తయారుచేసి, కాళ్ళు కడుక్కుని ఇళ్ళకు పోయేవారు. అలా చేయకూడదని మా వీధిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు. మోటారు సైకిలుకు రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని అత్తాపూర్ దాకా పోయి పోసి వచ్చేవాడు. కొత్త బండి, కొత్త పెళ్ళాం. తల్లికి దిష్టి భయం ఉండదా మరి? ఒక అమావాస్య సాయంత్రం ఆమె కూడా కొడుకు బండి ముందు గుమ్మడికాయ తిప్పి, నెత్తిన పెట్టుకుని తీసుకుపోయి, అక్కడ కొట్టి వచ్చింది. మర్నాడు తెల్లవారుతూ సన్నగా తుంపర పట్టింది. పాలతో బయలుదేరిన పిల్లవాడు ఆ మలుపులో గుజ్జు మీద జారాడు. వంతెన దిగుతున్న లారీ ఆగలేకపోయింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి రోడ్డంతా పాలు పారుతున్నాయి. ఆ పాలలో కలిసిన ఎరుపు ఎంత కుంకుమో, ఎంత కాదో నేను రాయలేను.

ఊరి పెద్దలు ఆమెను ఓదార్చబోయారు. "ఆ దినం శానమంది కొట్టిండ్రు. నీ కాయనే అని ఎట్ల చెప్తవ్?" అన్నారు.

"శానమందిల నేను లేనా?" అంది ఆమె.

తర్వాతి అమావాస్య మర్నాడు, ఇంకా వెలుతురు సరిగా రాకముందే, ఆమె చీపురూ గోనెసంచీ తీసుకుని జంక్షనుకు వెళ్ళింది. దిష్టి తీసినవాటిని తాకితే ఆ పీడంతా తాకినవాళ్ళకు చుట్టుకుంటుందని మనం వాటిని దాటనైనా దాటం, చుట్టు తిరిగి పోతాం. ఆమె వాటిని చేతులతో ఏరింది. ఆ సంగతి తెలిశాక కొందరు ఆమె దగ్గర పాలు పోయించుకోవడం మానేశారు. నేనూ ఉండబట్టలేక, "అక్కా, అవి చేత్తో ముట్టుకోకండి, ఏదైనా తగిలితే?" అన్నాను. "తగిలేది తగిలింది టీచరమ్మా. ఇగ కొత్తగ తగలనీకి ఏమున్నది నా కాడ?" అంది. ఏరినదంతా తెచ్చి ఎరువు గుంతలో వేసేది. వానాకాలంలో ఆ గింజలు మొలిచి, తీగలు బర్రెల పాక మీదికి ఎగబాకి విరగ కాశాయి. ఆ కాయల్ని ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

కోడలు పుట్టింటికి వెళ్ళిపోతుందనే అందరం అనుకున్నాం. వెళ్ళలేదు. పాలు పిండేది, వంట చేసేది, అత్త కాళ్ళు నొస్తే నూనె రాసేది. ఆ పొద్దటి మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. అత్త చీపురు తీసుకుని బయలుదేరితే తలెత్తి చూసేది కాదు. ఓనరమ్మను లోపల్లోపల తినేసింది అదే. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ చెప్పింది. "నా మొగన్ని నువ్వే పొట్టన పెట్టుకున్నవ్ అని ఒక్కపారి తిడితే మంచిగుండు. ఏడ్సి ఊకుందును. అది తిట్టది. తిట్టనిదాన్ని పట్టుకొని మాఫ్ చేసినవా లేదా అని నేనెట్ల అడగాలె?" ఆమె చేతి మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఎట్టకేలకు కొత్త వంతెన మంజూరైంది. ఎయిర్‌పోర్టు ఇటే వస్తుందన్న మాట పుట్టింది మరి. మా ఊరి చావులకు కదలని కాగితాలు ఆ మాటకు కదిలాయి. పంచాయతీ ఆఫీసులో ఇంజనీరు కూర్చుంటే, మగవాళ్ళు భూముల ధరలు అడుగుతున్నారు. ఆమె వాళ్ళను తోసుకుని ముందుకు పోయి, "కొత్వాల్‌గూడ తోవను బ్రిడ్జి కాడికెల్లి జరుపుతరా లేదా సారూ, గంతే చెప్పుర్రి" అంది. జరుపుతామమ్మా, మధ్యలో డివైడర్ వస్తుంది, లైట్లు కూడా పెడతాం అన్నాడాయన. ఓపికగల మనిషి. ఆమె ఇంకేమీ అడగకుండా వచ్చేసింది.

పునాదులు తవ్వుతుండగా వంతెనకు నరబలి కావాలట అని పుకారు లేచింది. తల్లులు పిల్లల్ని బడికి పంపడం మానేశారు. నా క్లాసు సగం ఖాళీ. ఆమె వీధిలో నిలబడి గట్టిగా అరిచింది. "గీ బ్రిడ్జికి నా పిలగాన్ని ఎప్పుడో ఇచ్చిన. ఇగ అది ఎవ్వర్ని అడగది. పోరగాండ్లను బడికి తోలుర్రి!" మర్నాడు క్లాసు నిండింది.

ప్రారంభం రోజున కాంట్రాక్టరు మనుషులు కుంకుమ పూసిన పెద్ద గుమ్మడికాయ తెచ్చారు. కొట్టబోతుంటే ఆమె వెళ్ళి దాన్ని లాక్కుని, ఒళ్ళో పెట్టుకుని, కొత్త తారు మొదట్లో కూర్చుండిపోయింది. శుభమా అని చేస్తుంటే ఈ అడ్డేమిటని కసిరారు. "కొట్టుకోండ్రి, వద్దంటలేను. వాగుల ఇసుక మీద కొట్టుర్రి. ఇసుక మీద ఎవ్వడు జారడు" అంది. చివరికి అలాగే చేశారు. ఆ తర్వాత ఊరంతా మారిందని చెప్పను. కొందరు వాగులోకి దిగి కొట్టడం మొదలుపెట్టారు, కొందరు మూడు తోవల కూడలి ఎక్కడికి జరిగితే అక్కడికే తమ కాయల్నీ జరుపుకున్నారు. చావులు తగ్గాయి, ఆగిపోలేదు. ఆమె చీపురూ ఆగలేదు. కొత్త వంతెన మీదికి మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. రండక్కా, చూసి వద్దాం అంటే, "అవుతలికి నాకేం పని?" అనేది.

అవతల శ్మశానం ఉంది. ఆమెను అక్కడికే తీసుకుపోయారు. ఆమె మరిది కొడుకు కుండ పట్టుకుని ముందు నడిచాడు. డప్పులు, పేలాలు, చిల్లర, బుట్టల కొద్దీ బంతిపూలు. పొద్దుటి నుంచి ఆగి ఆగి తుంపర. ఆడవాళ్ళం వంతెన మొదట్లో ఆగిపోయాం. పాడె వంతెన ఎక్కుతుంటే నాకు దుఃఖం ఆగలేదు.

పక్కకు చూస్తే కోడలు లేదు. ఇంటికి వెళ్ళిందేమో అనుకున్నాను. అంతలో చీపురూ గోనెసంచీ పట్టుకుని వచ్చింది. పాడె పోయిన దారిన తడిసిన బంతి రేకులు తారుకు అతుక్కుని ఉన్నాయి. ఆమె వంగి ఊడ్వడం మొదలుపెట్టింది. "అయ్యో, శవం దాటలే ఇంకా, ఇప్పుడేందమ్మా ఊడ్చుడు?" అని ఒకావిడ చెయ్యి పట్టుకుంది.

"బండ్లు జారుతయి. అత్త ఊకుంటదా?" అని కోడలు చెయ్యి విడిపించుకుంది. పాడె పోతున్న వైపు తలెత్తి చూసి, "నువ్ పో అత్తా. నేను చూస్కుంట" అంది.

మళ్ళీ వంగి, డివైడరు దగ్గర్నుంచి అంచు దాకా ఊడ్చుకుంటూ పోయింది. వెనక నుంచి పాల క్యాన్లు కట్టుకున్న బండి ఒకటి వచ్చి, ఆమె పక్కకు జరిగేదాకా ఆగి, ఊడ్చిన తారు మీదుగా వంతెన ఎక్కి వెళ్ళిపోయింది.